ర్యాంపు పైకి లేచిన చలికాలం

మిన్నెసోటాలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో దాదాపు అందరూ కంప్యూటర్ల మీద బతికేవాళ్లే. నేనొక్కదాన్నే మట్టి మీద బతుకుతున్నాను. రోడ్ల కింద, చిన్న విమానాశ్రయాల రన్‌వేల కింద ఉండే నేల చలికి ఎంత ఉబ్బుతుంది, వేడి తగిలాక ఎంత మెత్తబడుతుంది అని చూడటం నా ఉద్యోగం. ఈ సంగతి చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో జాలి కనిపిస్తుంది. "ఓ, సివిలా! ఐటీలోకి స్విచ్ అవ్వలేదా సిస్టర్?" అంటారు. ఆదివారం చర్చికి వస్తూ గుంతలో పడి టైరు పోగొట్టుకున్నప్పుడు మాత్రం, ఆ గుంతను నేనే స్వయంగా తవ్వి పెట్టినట్టు మాట్లాడతారు.

ఐటీవాళ్ల జాలితో నాకు పెద్ద బాధ లేదు. నన్ను బాధపెట్టేది మా నాన్న. ఆయన కోస్తా జిల్లాల్లో రోడ్లు వేసి వేసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యారు. నల్లరేగడి మీద రోడ్డు నిలబెట్టడంలో ఆయన్ని మించినవాళ్లు లేరని చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్లలో ఆయనే ముందుండేవారు. నేను సివిల్ ఇంజనీరింగు చదివింది ఆయన్ని చూసే. ఇక్కడ పైచదువు చదివి, లైసెన్సు తెచ్చుకుని, నా సంతకం మీద రన్‌వేలు బాగు చేయించే స్థాయికి వచ్చాక కూడా ఆయన నన్ను స్నేహితులకు పరిచయం చేసే తీరు ఇదీ: "మా అమ్మాయి కూడా ఏదో రోడ్ల లైన్‌లోనే ఉందండీ." ఆ "ఏదో" విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మట్టి గురించి నేను చెప్పిన మాట ఒక్కటంటే ఒక్కటి మా నాన్న నమ్మాలని నాకు ఎప్పటినుంచో కోరిక. గ్రీన్ కార్డు కూడా దానికన్నా ముందే వచ్చింది.

ఒక ఏడాది సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలు ఆర్నెల్లు ఉండటానికి మా ఇంటికి వచ్చారు. ఇక్కడికి వచ్చిన తండ్రులకు ఉండే అసలు కష్టం నాన్నకూ వచ్చింది. చేయడానికి పని లేదు. ఆజ్ఞాపించడానికి మనుషులు లేరు. మా వీధి తారు మీద చీలికలు చూస్తూ వాకింగ్ చేసి, ఇంటికొచ్చి వాటిని విమర్శించేవారు. అలాంటి మనిషిని రెండో ఆదివారమే చర్చికి తీసుకెళ్లాను. తప్పదు కదా.

మా చర్చి భవనం పూర్వం తివాచీల దుకాణం. ముందు వైపు మెట్లున్నాయి. పక్క వైపు పార్కింగ్ నుంచి ఒక సిమెంటు ర్యాంపు, దాని చివర బయటికి తెరుచుకునే పాత చెక్క తలుపు. మోకాళ్ల నొప్పులవాళ్లు, చక్రాల కుర్చీలవాళ్లు, బిర్యానీ డేగిశాలు మోసుకొచ్చేవాళ్లు అందరూ ఆ తలుపు గుండానే వస్తారు. మా అమ్మవి కూడా మోకాళ్ల నొప్పులే. ర్యాంపు అంచున తారు చీలిందని, కాస్త చూసిపెట్టమని సంఘ పెద్దలు అంతకు ముందే నన్ను అడిగారు. నేను చిన్న బోరు వేసి మట్టి తీసి చూశాను. వేళ్ల మధ్య నలిపితే మైదాపిండిలా జారిపోయే ఒండ్రు మట్టి. చలిదేశాల్లో రోడ్లకు ఇంతకంటే చెడ్డ మట్టి ఉండదు.

ఆరాధన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందు అయ్యాక పార్కింగ్‌లో నిలబడి నా సలహా చెప్పాను. చూరు నీళ్లు దిగే గొట్టం సరిగ్గా ర్యాంపు పక్కనే వదులుతోంది, దాన్ని పొడిగించి దూరంగా తిప్పండి, మంచు పడకముందే చీలికలు పూడ్చండి, నీళ్లు లోపలికి పోకుండా చూడండి. అంతే. పెద్దల ముఖాలు వాడిపోయాయి. ఇంత చదువుకున్న మనిషి ఇంత చిన్న సలహా ఇస్తుందని వాళ్లు అనుకోలేదు.

అప్పుడు మా నాన్న ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నారు. చీలికలోంచి మట్టి తీసి అరచేతిలో నలిపారు. వాసన కూడా చూశారు. చుట్టూ ఉన్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు, మేనేజర్లు, డైరెక్టర్లు ఊపిరి బిగబట్టారు.

"ఎండకి నేల బిగుసుకుపోయిందండీ. అందుకే చీలింది. దీనికి తడి పెట్టాలి," అన్నారు.

సరిగ్గా అప్పుడే టెక్సాస్‌లోని కాపెల్ ఊళ్లో ఉన్న మా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. నాన్న సమస్య చెప్పగానే వాడు ఫోను పట్టుకుని వాళ్ల పెరట్లోకి వెళ్లి, గోడ వెంబడి పరిచిన చిల్లుల పైపు చూపించాడు.

"ఇక్కడ సమ్మర్‌లో అందరం ఫౌండేషన్‌కి వాటరింగ్ చేస్తాం డాడీ. లేకపోతే మట్టి ష్రింక్ అయ్యి స్లాబ్ క్రాక్ అయిపోద్ది. అక్కకి చెప్పండి."

వాడు చెప్పింది అబద్ధం కాదు. టెక్సాస్‌లో వాడి ఇంటి కింద ఉన్నది మన నల్లరేగడికి దగ్గరి చుట్టమే. ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. అక్కడ చిల్లుల పైపు పెట్టడం తెలివైన పనే. మిన్నెసోటాలో, ఒండ్రు మట్టికి, చలికాలం ముందు పెట్టడం మాత్రం జ్వరం వచ్చినవాడికి చన్నీళ్ల స్నానం చేయించి ఫ్యాను కింద పడుకోబెట్టడం లాంటిది.

"ఇక్కడ ఆ నీళ్లు గడ్డకడతాయి డాడీ. గడ్డకట్టి నేలని పైకి లేపుతాయి," అన్నాను.

"గడ్డకడితే? ఫ్రిజ్‌లో నీళ్లు గడ్డకడితే ఫ్రిజ్ లేచి నిలబడుద్దా ఏంటమ్మా?"

అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా నవ్వారు. సంఘ పెద్ద నా భుజం తట్టి, "సిస్టర్, డోంట్ మైండ్. అంకుల్ గారు లైఫంతా గవర్నమెంట్ రోడ్లే వేశారు కదా," అన్నారు. నేను లైఫంతా ఏం చేస్తున్నాననుకున్నారో ఆయనే చెప్పాలి. మరుసటి వారానికల్లా ర్యాంపు పొడవునా చిల్లుల పైపు పాములా పడుకుని ఉంది.

అక్టోబరు అంతా ఆ కుళాయి దగ్గర మా ఇంటి యుద్ధం నడిచింది. నేను వెళ్లినప్పుడల్లా కట్టేసేదాన్ని. నాన్న వెళ్లినప్పుడల్లా తిప్పేవారు. ఆయనకు కారు లేదు కాబట్టి నాకు కొంత పైచేయి ఉండాలి. కానీ మా సంఘంలో రిటైరైన పెద్దమనిషిని చర్చికి దింపడానికి పోటీపడే బ్రదర్స్‌కు కొదవ లేదు. పైగా ఆయన అక్కడ నిలబడి, వెనక చేతులు కట్టుకుని, నేల తడవడం చూస్తూ ఆనందపడేవారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన చేతికింద ఒక పని జరుగుతోంది. అది చూసి నాకు జాలి కలిగేది. ఆ జాలి కుళాయి కట్టేయడానికి అడ్డు రాలేదు గానీ, నోరు పెంచి గొడవ చేయకుండా ఆపింది.

సంఘంలో ఎవరూ అడగలేదు కాబట్టి అసలు జరిగేదేమిటో ఇక్కడే చెప్పేస్తాను. నేలలో ఉన్న నీళ్లు గడ్డకట్టి కొంచెం ఉబ్బడం పెద్ద విషయం కాదు. గడ్డకట్టిన చోట మంచు కింది నుంచి ఇంకా నీళ్లు లాక్కుంటుంది, అదీ అసలు విషయం. కిరసనాయిలు స్టవ్వు వత్తి నూనె పీల్చినట్టు పీలుస్తుంది. ఇసుకలో సందులు పెద్దవి, నీళ్లు అంత పైకి ఎక్కలేవు. బంకమట్టిలో సందులు మరీ ఇరుకు, నీళ్లు కదలవు. ఒండ్రు మట్టి మధ్యస్థం, దానికి ఎక్కడలేని దాహం. పొర మీద పొరగా మంచు పేరుకుని, పైన తారుందా, సిమెంటుందా, విమానాలు దిగే రన్‌వే ఉందా అని చూడకుండా ఎత్తేస్తుంది. దీనికి మూడు కావాలి: చలి, చెడ్డ మట్టి, నీళ్లు. చలిని ఆపడం నా వల్ల కాదు. మట్టిని ఎవరూ మార్చనివ్వరు. మిగిలిన మూడోదాన్ని మా నాన్న పైపు పెట్టి మరీ సరఫరా చేశారు.

జనవరిలో ఒక ఆదివారం పక్క తలుపు తెరుచుకోలేదు. ర్యాంపు లేచి తలుపు అడుగుని ఒరుసుకుని నిలబడింది. బయట చలికి కళ్లలో నీళ్లు కూడా గడ్డకట్టేలా ఉంది. లోపలి నుంచి నలుగురు తోశారు. ఒకాయన తాళంలో నూనె పోశాడు. ఒకావిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చింది. నేను కిందికి చూపించి, "ర్యాంపు లేచింది," అన్నాను. సిమెంటు ఎలా లేస్తుంది సిస్టర్ అన్నారు.

నాన్న తలుపు చుట్టూ తిరిగి తీర్పు చెప్పారు. "చెక్క ఉబ్బింది. వానాకాలంలో మన ఇళ్లల్లో ఉబ్బదూ? కింద చిత్రిక పట్టించండి."

బయట వాన కాదు కదా, గాలిలో చెమ్మ కూడా లేదు. అయినా చిత్రిక పట్టించారు. తలుపు తెరుచుకుంది. జేజేలు పలికారు. ఇంకో రెండు వారాల చలికి ర్యాంపు మళ్లీ లేచి పట్టేసింది, మళ్లీ పట్టించారు. ఈ లోపు ఉపవాస ప్రార్థన కూడా పెట్టారు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాసి పైపొర మెత్తబడి తలుపు కాస్త కదిలినప్పుడు, ఒక బ్రదర్ లేచి అది దేవుడి కార్యమని సాక్ష్యం కూడా చెప్పాడు. నాకూ విశ్వాసం ఉంది, నేనూ ప్రార్థన చేస్తాను. కానీ దేవుడు చలినీ మట్టినీ నీళ్లనూ చేసి, వాటి పద్ధతేమిటో తెలుసుకోవడానికి మనకు బుర్ర కూడా ఇచ్చాడు. ఆ బుర్రను ఉపవాసం ఉంచమని ఎక్కడా చెప్పలేదు.

తలుపు మళ్లీ బిగుసుకుంది. ఆ ఆదివారం మా అమ్మ ముందు మెట్ల మీదుగా రావాల్సి వచ్చింది. మెట్ల మీద ఉప్పు చల్లారు గానీ అంచుల్లో మంచు అలాగే ఉంది. అమ్మ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో నాన్న చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. ముఖం నొప్పితో పాలిపోయింది. పైకొచ్చాక ఊపిరి తీసుకుని నాన్నతో, "ఇంకాస్త తడి పెట్టించాల్సిందండీ, మెట్లు కూడా లేచేవి," అంది. నలభై ఏళ్ల కాపురంలో అమ్మ ఆయన ఇంజనీరింగు మీద చేసిన వ్యాఖ్య నాకు తెలిసినంతవరకూ అదొక్కటే.

ఆ వారంలోనే నాకు ఒక చిన్న విమానాశ్రయంలో పని పడింది. రన్‌వే మధ్యలో ఒకచోట ఎగుడుదిగుడుగా ఉందని, దిగేటప్పుడు విమానం ఎగిరిపడుతోందని, మంచు తోసే బండి బ్లేడు కూడా అక్కడే తగులుతోందని ఫిర్యాదు. అక్కడ అడుగున నీళ్ల గొట్టం ఉంది. దాన్ని పూడ్చిన కంకర లేవలేదు, దానికి అటూ ఇటూ ఉన్న మట్టి లేచింది. అంచున గొయ్యి తవ్వించి చూస్తే గడ్డకట్టిన మట్టిలో మంచు పొరలు చక్కగా కనిపించాయి. విమానాశ్రయం వాళ్లను అడిగి, ఇటుకంత ముక్క ఒకటి పెరుగు డబ్బాలు తీసుకెళ్లే కూలర్ బ్యాగులో పెట్టుకుని మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చాను. నాన్నతో వాదించే ఓపిక నాకు అయిపోయింది. దాన్ని స్టీలు పళ్లెంలో పెట్టి, డైనింగ్ టేబుల్ మీద ఆయన ముందుంచాను.

"అది నేను అన్నం తినే పళ్లెమే!" అని అమ్మ వంటింట్లోంచి అరిచింది.

నాన్న ముందు నన్ను చూశారు, తర్వాత దాన్ని చూశారు. కళ్లజోడు పెట్టుకున్నారు. మట్టి పొర, దాని మీద అద్దంలాంటి మంచు పొర, మళ్లీ మట్టి, మళ్లీ మంచు. వేలితో ఒక్కో పొరనూ తడిమారు. నేను ఆఫీస్ కాల్ ఉందని పైకి వెళ్లిపోయాను. కిందికి వచ్చేసరికి ముక్క కరిగిపోయింది. పళ్లెం నిండా బురద నీళ్లు. నాన్న టీ తాగకుండా అక్కడే కూర్చుని ఉన్నారు.

"ఇందులో మట్టి కంటే నీళ్లే ఎక్కువున్నాయి," అన్నారు చివరికి.

"అవును."

"ఇన్ని నీళ్లు దీన్లో ఎలా పట్టాయే?"

"పట్టలేదు డాడీ. లాక్కుంది."

నిజం చెప్పాలంటే, వేసవి దాకా సరిపడా వెటకారం సిద్ధం చేసుకుని ఉన్నాను. ఆయన ఓడిపోయినట్టు ముఖం పెడితే మొత్తం ఒకేసారి వడ్డిద్దామనుకున్నాను. ఆయన ఓడిపోయినట్టు లేరు. తన పాతికేళ్ల వయసులో మొదటిసారి నల్లరేగడిని చూసినప్పుడు ఎలా చూసి ఉంటారో అలా చూస్తున్నారు ఆ బురదని.

మార్చి చివర్లో మంచు కరగడం మొదలైంది. పార్కింగ్ అంచుల్లో తారు కాలికింద మెత్తగా ఊగేది, ఒకాయన వ్యాను చక్రం ర్యాంపు పక్కన దిగబడిపోయింది. సంఘ పెద్దలు ఈ మొత్తం వ్యవహారానికి ఒకే పరిష్కారం ఆలోచించారు: ఈస్టరు లోపల తారు లారీ పిలిపించి, అంతా కప్పేసి, కొత్తగా కనిపించేలా చేయడం. అంకుల్ గారు ఊరెళ్లేలోపు ఆయన చేతుల మీదుగా మొదలుపెట్టాలని కూడా ఒకరు ప్రతిపాదించారు. ఆయన వెళ్లే ముందు ఆదివారం ఆరాధన మధ్యలో, సాక్ష్యాల సమయంలో, ఆయన్ని రెండు మాటలు చెప్పమని పిలిచారు.

మా సంఘంలో సాక్ష్యాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. వీసా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, క్షేమంగా ప్రయాణం చేశాం. నాన్న కూడా క్షేమంగా వచ్చాం, క్షేమంగా వెళ్తున్నాం అని ముగిస్తారనుకున్నాను. ఆయన మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నారు.

"నాకు సాక్ష్యాలు చెప్పడం రాదండీ. ఒక సంగతి చెప్పి కూర్చుంటాను. ఆ పక్క ర్యాంపు లేచింది నా వల్ల. నీళ్లు పెట్టించింది నేను. మా అమ్మాయి వద్దని మొత్తుకుంది. దానికి ఈ నేల తెలుసు. నాకు తెలీదు. తెలుసనుకున్నాను. మిమ్మల్ని మెట్లెక్కించి ఇబ్బంది పెట్టాను, మా ఇంటావిణ్ణి కూడా. క్షమించండి."

వెనక వరసలో ఎవరో అలవాటు కొద్దీ "హల్లెలూయా" అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నేను తల వంచుకున్నాను. సంవత్సరాలుగా నేను కోరుకున్నది ఇదే. అది వచ్చినప్పుడు నాకు గెలిచినట్టు అనిపించలేదు. అంతమంది ముందు మా నాన్న క్షమించమని అడగడం చూడలేకపోయాను. పరుగెత్తి వెళ్లి ఆయన్ని కూర్చోబెట్టాలనిపించింది. సంఘ పెద్ద మాత్రం పనిలో పనిగా, "మరి ఈస్టర్‌కి ముందు తారు వేయించేద్దామా అంకుల్?" అన్నారు.

"నన్నడుగుతారేంటండీ? అదిగో, ఇంజనీరు అక్కడ కూర్చుంది," అన్నారు నాన్న.

నేను లేచాను. మే నెల దాకా ఏమీ ముట్టుకోవద్దని, లారీని గేటులోకి కూడా రానివ్వద్దని, ఆ తర్వాత మట్టి తీసేసి కంకర నింపి, నీళ్లు పోయే గొట్టం వేయాలని చెప్పాను. గుసగుసలు మొదలయ్యాయి. ఇంత చదువుకున్న మనిషి చివరికి ఆగమని సలహా ఇచ్చింది.

"మే దాకా ఎందుకమ్మా ఆగాలి?"

అడిగింది నాన్న. ముందు వరసలోంచి, కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి అడిగారు. చిన్నప్పటి నుంచి ఆయన నన్ను వేల ప్రశ్నలు అడిగారు. భోజనాల దగ్గర, జీపులో, కల్వర్టుల మీద నిలబెట్టి అడిగారు. అన్నిటికీ జవాబు ఆయన దగ్గర ముందే ఉండేది, నేను ఎక్కడ తప్పుతానో అని చూసేవారు. ఇప్పుడు ఆయన కళ్లలో జవాబు లేదు.

"నేల పైనుంచి కరుగుతుంది డాడీ. అడుగున ఇంకా గడ్డే ఉంది. కరిగిన నీళ్లు కిందికి పోవడానికి దారి లేదు, మధ్యలో ఉండిపోతాయి. ఇప్పుడు దాని మీద ఏ బరువు పెట్టినా దిగబడుతుంది. అందుకే ఇక్కడ చాలా రోడ్ల మీద కూడా ఈ నెలల్లో లారీలను బరువు తగ్గించుకోమంటారు."

"అడుగుది కరిగేదాకా ఆగాలన్నమాట."

"కరగాలి, ఆ నీళ్లు దిగిపోవాలి."

నాన్నకు కుడిచెవి సరిగా వినపడదు. ఎడమచెవి నా వైపు తిప్పి, దాని వెనక అరచెయ్యి ఆనించుకుని, "మళ్లీ చెప్పు తల్లీ, నిదానంగా," అన్నారు.